సిమెంటు కలపకముందు

మొన్న ఆదివారం మా చెల్లెలి కూతుర్ని తీసుకుని జూబ్లీహిల్స్‌లో ఒక బ్యూటీ పార్లర్‌కి వెళ్ళాను. పెళ్ళి దగ్గర పడింది కదా, దానికి పొడవాటి గోళ్ళు అతికించుకోవాలని సరదా. నాకు ఒక చోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. లేచి రెండడుగులు వేసి, అద్దంలో చూసుకుని, మళ్ళీ కూర్చున్నాను. ఇంతలో పార్లర్ అమ్మాయి చిన్న గిన్నెలో ఏదో ద్రవం పోసి, పక్కన తెల్లటి పొడి పెట్టింది. ఆ ఘాటు వాసన ముక్కుకి తగలగానే నా రెండు చేతులూ ఒళ్ళోంచి లేచి గాలిలో నిలబడ్డాయి. ఆపరేషన్ థియేటర్లో గ్లవ్స్ తొడుక్కున్నాక దేన్నీ తాకకుండా పట్టుకుంటామే, అలాగ. మోకాలి మార్పిడి ఆపరేషన్‌లో లోహపు కీలును ఎముకకు అతికించే సిమెంటుకు కూడా అచ్చం ఇదే వాసన. అదీ పొడిలో ద్రవం పోసి కలిపేదే. కలిపిన కాసేపటికి రాయి అయిపోతుంది, ఆ తర్వాత మనసు మార్చుకుంటామంటే కుదరదు. అందుకే ఆ వాసన తగిలితే ఇప్పటికీ నాకు యాదగిరి సార్ గుర్తొస్తారు.

సార్ మా ఆసుపత్రిలో పెద్ద సర్జన్. మెదక్ వైపు మనిషి. ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి చేరేనాటికి నేను కాకినాడలో చదువు ముగించి వచ్చిన పిల్లని, అన్నిటికీ తొందరే, అన్నిటికీ కంగారే. పరేషాన్ డాక్టర్ అని నాకు పేరు పెట్టింది ఆయనే. ఫిల్మ్‌నగర్ పక్కనే కాబట్టి మా ఓపీలో డాన్స్ మాస్టర్లూ, ఫైట్ మాస్టర్లూ అరిగిపోయిన మోకాళ్ళతో వరుసగా కూర్చునేవాళ్ళు. సార్ ఎవరి ఎక్స్‌రే కూడా ముందు చూసేవారు కాదు. దాన్ని బల్ల మీద బోర్లా పెట్టి, మనిషిని వరండాలో ఆ చివరి దాకా నడిపించి, కుర్చీలోంచి లేపి, మళ్ళీ కూర్చోబెట్టి చూసేవారు. నాకేమో ఎక్స్‌రే ఎప్పుడు తిప్పుతారా అని చేతులు దురద పెట్టేవి.

అలా వచ్చినావిడే సత్యవతి గారు. కుర్రతనంలో గ్రూప్ డాన్సర్, అప్పటికి ఒక డాన్స్ మాస్టర్‌కి అసిస్టెంటు. షూటింగులో రోజంతా నిలబడి పిల్లలకు స్టెప్పులు చూపించాలి, నిలబడలేకపోతే పని పోతుంది. కాళ్ళు రెండూ బయటికి విల్లులా వంగి ఉన్నాయి. సార్ ఆవిడ చిన్నప్పటి ఫోటో అడిగారు. ఫోన్‌లో వెతికి, ఏదో పాటలో పరికిణీ ఎత్తి పట్టుకుని నిలబడ్డ బొమ్మ చూపించింది. అప్పుడూ ఆ కాళ్ళు కొంచెం వంపే. సార్ ఆ ఫోటోను ఎక్స్‌రే కన్నా ఎక్కువసేపు చూశారు.

థియేటర్లో నాకు తెలిసినదల్లా తిన్నటి గీత. తుంటి నుంచి చీలమండ దాకా గీత గీస్తే అది మోకాలి మధ్యలోంచి పోవాలి, పుస్తకం చెప్పింది అదే. కానీ మోకాలికి రెండు పక్కలా ఎముకలను కట్టి ఉంచే లిగమెంట్లనే పట్టీలు ఉంటాయి. కొలత కోసం పెట్టే తాత్కాలిక కీలు అమర్చి చూస్తే, కాలు తిన్నగా వచ్చింది, లోపలి పట్టీ మాత్రం బిగుసుకుపోయింది. పట్టీని కొంచెం కోసి వదులు చేద్దామన్నాను. సార్ ఒప్పుకోలేదు. "పట్టీలు పుట్టినప్పటి సంది ఆ వంకరకే అలవాటు పడ్డయ్. గీత కోసం వాటిని కోస్తవా?" అన్నారు. ఎముకనే మరికాస్త వాలుగా చెక్కి, ఆవిడ పాత వంపులో కొంచెం మిగిల్చారు. ఈ విషయంలో సర్జన్లంతా ఇప్పటికీ ఒక్క మాట మీద లేరు. నేనైతే ఆ రోజు లోపల్లోపల కుతకుతలాడిపోయాను.

సిమెంటు కలపకముందు ఆయనకో పద్ధతి ఉండేది. అందరినీ కాలు మీద నుంచి చేతులు తీసెయ్యమనేవారు. ఎంత పెద్ద అసిస్టెంటైనా సరే. థియేటర్లో మాటలు ఆగిపోవాలి. కళ్ళు మూసుకుని తానొక్కరే కాలు వంచి, చాచి, అటూ ఇటూ కదిపి చూసేవారు. తర్వాత నా చేతికిచ్చి, "ఏమంటున్నది కాలు?" అని అడిగేవారు. నేను చెప్పింది నచ్చితే సిస్టర్ వైపు తిరిగి, "ఇగ కలుపు" అనేవారు.

కొన్ని నెలలకు సత్యవతి గారు మిఠాయి డబ్బాతో వచ్చింది. ఎలా ఉందమ్మా అంటే, "మోకాలుందన్న సంగతే గుర్తు రావట్లేదండీ" అంది. వంపు మిగిలిన ఆ ఎక్స్‌రే చూసి మా వాళ్ళు కొందరు సార్‌ని ఆటపట్టించారు కూడా.

ఏళ్ళు గడిచి నేనూ సొంతంగా ఆపరేషన్లు చేస్తున్న రోజుల్లో, ఒక సాయంత్రం సార్ నా గదిలోకి కుంటుతూ వచ్చి, ప్యాంటు పైకి మడిచి, కుడి మోకాలు చూపించారు. ఎవరి చేత చేయించుకుంటారని అడిగాను. "నీతోనే. ఇంకెవరు?" అన్నారు. ఆ మోకాలు సరిగ్గా కుదరకపోతే ఆయన మళ్ళీ థియేటర్లో నిలబడలేరు, నిలబడటం తప్ప ఆయనకింకో జీవితం లేదు. ఆపరేషన్ రోజు దాకా నాకు అన్నం సహించలేదు.

నడుము కింద మాత్రమే మత్తిచ్చారు కాబట్టి పచ్చటి తెర అవతల సార్ మెలకువగానే ఉన్నారు. అప్పటికి మాకు పట్టీల బిగువు కొలిచి చూపే కంప్యూటర్ తెర కూడా వచ్చింది. తాత్కాలిక కీలు పెట్టాక రెండు పక్కలా అంకెలు సమానంగా చూపించింది. సిస్టర్ సిమెంటు పొట్లం చేతిలోకి తీసుకుంది. చేతులు తీసెయ్యమనే ఆ పాత మాట ఆయన నోటి నుంచి వస్తుందేమోనని చూశాను. రాలేదు. ఇక ఆగలేక, "అందరూ చేతులు తీయండి" అని నేనే అన్నాను. కాలిని పట్టుకున్న అసిస్టెంటు వెనక్కి తగ్గాడు. కళ్ళు మూసుకుని కాలు చాచాను. లోపలి పక్క బిగువుగా తగిలింది. అసిస్టెంటు తనకు తెలియకుండానే కాలిని బయటికి నెట్టి పట్టుకోవడంతో అది అప్పటిదాకా అంకెల్లో కనబడకుండా దాగిపోయింది. వెతికితే లోపలి అంచున ఒక చిన్న ఎముక మొలక మిగిలిపోయి ఉంది, పట్టీ దాని మీదుగా సాగుతోంది. దాన్ని తీసేశాక కాలు నా చేతుల్లో హాయిగా వాలింది. అప్పుడు కలపమన్నాను.

మర్నాడు వార్డులో ఆయన మీద విరుచుకుపడ్డాను. అంతసేపూ ఒక్క మాట కూడా ఎందుకనలేదని అడిగాను.

"నడుము కింద నాకేం తెల్వలేదు బిడ్డా. మోకాలు నాదైనా చెయ్యి నీదే గద. నేనేం జెప్పాలె?" అన్నారు.

అయినా నా మనసు కుదుటపడలేదు. కనిపించినప్పుడల్లా ఎలా ఉందని అడిగేదాన్ని, ఆయన మాట దాటేసేవారు. మళ్ళీ థియేటర్‌కి వస్తున్నా, నిలబడుతున్నా, నాకోసం ఓర్చుకుంటున్నారేమోనన్న అనుమానం నన్ను తినేసేది. ఒకరోజు ఫిల్మ్‌నగర్ వాలు మీద మిర్చి బజ్జీల పొట్లంతో చకచకా దిగొస్తూ ఎదురుపడ్డారు. రోడ్డు మధ్యలోనే నిలదీశాను. ఆయన వంగి ఒక మోకాలు తడిమారు, తర్వాత రెండోది తడిమారు.

"ఏ మోకాలు చేసినవ్, నువ్వే చెప్పు" అన్నారు. నవ్వుతూ అన్నారు గానీ ఆ చూపులో ఆటపట్టింపు లేదు. నేను అక్కడే ఏడ్చేశాను.

సార్ పోయి ఇప్పటికి రెండేళ్ళు దాటింది. ఎవరి మోకాలు చేసినా నాకు ముందురోజు నుంచి అదే ఆరాటం, తగ్గలేదు. తగ్గకపోతేనే మంచిదని ఇప్పుడనిపిస్తుంది.

పార్లర్ అమ్మాయి బ్రష్షు ద్రవంలో ముంచి పొడి వైపు జరిపింది. "ఆగమ్మా" అనేశాను. ఇద్దరూ బిత్తరపోయి చూశారు. మా పిల్ల చెయ్యి తీసుకుని, వేళ్ళు ఒక్కొక్కటీ వంచి, చాచి చూశాను. ఏం చూస్తున్నానో నాకే తెలియదు. అన్నీ బాగానే ఉన్నాయి. చెయ్యి తిరిగి బల్ల మీద పెట్టి, మా ఇంట్లో ఎవరూ మాట్లాడని యాసలో, "ఇగ కలుపు" అన్నాను.