నాన్న చెవిలో చెప్పిన పాస్‌వర్డ్

పెళ్లయిన కొత్తలో, ఆషాఢమాసానికి ద్రాక్షారామంలోని పుట్టింటికి వచ్చాను. అమ్మ, పిన్ని, పక్కింటివాళ్లు చేరి నా రెండు చేతులకూ గోరింటాకు పెట్టారు. అంతలో రాజమండ్రి కాలేజీ నుంచి నాన్నకు ఫోన్ వచ్చింది. సాయంత్రం జరగాల్సిన నా ఇంటర్వ్యూ ముందుకు జరిపారట, నా ఫోన్‌కి పంపిన లింకుతో పది నిమిషాల్లో వీడియో కాల్‌లోకి రావాలట. ఛార్జింగ్ అయిపోయి ఆగిన నా ఫోన్‌ని నాన్న ఛార్జర్‌కి తగిలించి ఆన్ చేస్తే, వేలిముద్ర చాలదు, పాస్‌వర్డ్ కావాలంది.

"చేతులు కడిగేసుకుంటానమ్మా."

"ఇంకా పండలేదే! పాస్‌వర్డ్ చెప్పు, నాన్నగారు టైప్ చేస్తారు" అంది అమ్మ.

ఎలా చెప్పను? ఆ పాస్‌వర్డ్, మా ఆయన్ని నేను ముద్దుగా పిలుచుకునే పేరు. నాన్నేమో ఇంట్లో కూడా నవ్వని లెక్కల మాస్టారు.

"ఏంటే, చెప్పవే!" అని పిన్ని తొందరపెట్టింది.

నాన్న నా మొహంలోకి చూశారు. "పాస్‌వర్డ్ అందరి ముందూ చెప్పకూడదండి. మీరంతా కాసేపు వంటింట్లోకి వెళ్లండి" అన్నారు.

వాళ్లు వెళ్లాక ఆయన చెవిలో "బుజ్జిపండు" అన్నాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను. నాన్న కళ్లజోడు సర్దుకుని, "ఇంగ్లీషులో జె ఒకటా, రెండా అమ్మా?" అని మాత్రం అడిగారు.

ఉద్యోగం వచ్చింది. "ఆ రోజు ఏం చెప్పిందండి?" అని అమ్మ ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది.

"అది అమ్మాయి సొంత విషయం" అంటారు నాన్న.

చిన్నప్పటి నుంచీ ఆయనంటే ఉన్న భయం ఆ రోజుతో పోయింది.