మరియమ్మగారితో మాత్రల బేరం

మందు ఇవ్వకుండా, సూది పొడవకుండా, ఉత్త నోటిమాటతో మూడు ఊళ్ళ జనం అలవాట్లన్నీ బాగుచేసిన ఘనత నాది. దాని ఫలితంగా ఒక పెద్దావిడ వంటింటి గుమ్మం దగ్గర కళ్ళు తిరిగి కూలబడింది. ఒక డాక్టరుగారు కుర్చీలోంచి లేచి, ఏం చెయ్యాలో తోచక మళ్ళీ అందులోనే కూర్చున్నారు. నా ఉద్యోగం వానాకాలంలో చేపల చెరువు గట్టు మీద సైకిల్లా ఇటో జారు, అటో జారు జారింది. ఇంతకీ కారణం ఒకే ఒక్క అంకె. ఆ అంకె ఆరు.

ముందు నా పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకోవాలి. లేకపోతే నేరమంతా నా ఒక్కదాని మీదే పడుతుంది. మాది తాడేపల్లిగూడెం. నాన్నది ఉల్లిపాయల కొట్టు. పక్కనే బాబాయి బెల్లం కొట్టు. ఎదురుగా మేనమామ మిరపకాయల కొట్టు. మా ఇళ్ళల్లో పిల్లలకి మాటలకంటే ముందు బేరం వస్తుంది. చిన్నప్పుడు అమ్మ "రెండు ముద్దలు తింటే ఒక కథ చెబుతాను" అంటే, "ఒక ముద్దకి రెండు కథలు" అనేదాన్నట. ఒకటిన్నర ముద్ద దగ్గర కుదిరేదట.

నాన్న నాకు నేర్పిన వేదాంతం ఒక్కటే. "అవతలివాడు చెప్పే మొదటి అంకె ధర కాదమ్మా, పలకరింపు. దానికి ఒప్పేసుకున్నావనుకో, వాడూ సంతోషించడు. అయ్యో, ఇంకాస్త ఎక్కువ చెప్పాల్సిందే అని రాత్రంతా నిద్రపోడు." ఉల్లి చేసిన మేలు తల్లైనా చెయ్యదంటారు. ఉల్లికొట్టు చేసిన చేటు పగవాడైనా చెయ్యడని నేనంటాను.

డిగ్రీ అయ్యాక ఏలూరులో ఒక ఆసుపత్రివాళ్ళు చేస్తున్న పరిశోధనలో ఉద్యోగం దొరికింది. బీపీ ఉన్నవాళ్ళకి మందులిస్తుంటే కొందరికి తగ్గుతోంది, కొందరికి తగ్గడం లేదు. ఎందుకని? ఉప్పు వల్లనా, బీడీల వల్లనా, నిద్ర చాలకనా, అసలు మందే వేసుకోకనా? అది తేల్చాలి. కొల్లేటి లంక ఊళ్ళకి వెళ్ళి, రోగుల్ని ప్రశ్నలడిగి, ఫారాలు నింపి తేవడం నా పని. పరిశోధన నడిపే డాక్టరు శారదగారు మొదటిరోజే చెప్పారు.

"వాసవీ, వాళ్ళు ఏది చెబితే అదే రాయాలి. నీ సొంత కవిత్వం వద్దు."

"అలాగేనండి మేడమ్" అని ఆ మాట నోటుపుస్తకంలో రాసుకుని, కింద రెండు గీతలు గీసుకుని, పుస్తకం మూసేశాను. మళ్ళీ తెరవలేదు.

మొదటిరోజు, మొదటి ఊరు, మొదటి ఇల్లు. కొట్టువాళ్ళ భాషలో బోణీ. మరియమ్మగారికి అరవై దాటాయి. ముప్పై ఏళ్ళు చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మిన మనిషి. అరుగు మీద కూర్చుని జెల్లలు తోముతోంది. నేను పక్కన చాప మీద కూర్చుని అడిగాను.

"మామ్మగారూ, పోయిన నెలలో బీపీ బిళ్ళ ఎన్ని రోజులు మానేసుంటారండి?"

"ఓ ఇరవై రోజులు మానేసుంటాలే అమ్మాయ్."

ఇక్కడ నేను ఇరవై అని రాసి ఉంటే ఈ కథ లేదు. కానీ చెవిలో అంకె పడగానే నా నోరు నా అనుమతి లేకుండా తెరుచుకుంది.

"ఇరవయ్యా! మరీ అంత చెప్తే ఎలాగండి?"

మరియమ్మగారు చేప పక్కన పెట్టింది. నన్ను ఎగాదిగా చూసింది. ఆ కళ్ళల్లో ఒక మెరుపు. చాలాకాలానికి తన భాష మాట్లాడే మనిషి దొరికినట్టు.

"నువ్వెంతంటావు?"

"ఐదు."

"ఐదా! ఐదైతే నాకు గిట్టదమ్మాయ్. పోనీ, పదిహేను చేసుకో."

"పక్క వీధిలో మూడు, నాలుగూ చెప్తారండి."

ఇది పచ్చి అబద్ధం. పక్క వీధికి నేనింకా వెళ్ళనే లేదు. మా కొట్లలో దీన్ని అబద్ధమనరు, మార్కెట్టు సమాచారం అంటారు.

"వాళ్ళ సంగతి నాకెందుకు? పది. ఇంక కిందకి రాను."

నేను పెన్ను మూసి లేవబోయాను. లేవబోవడం బేరంలో ప్రాణం లాంటి ఘట్టం. నాన్నయితే చెప్పుల్లో కాళ్ళు పెట్టేదాకా వెళ్ళేవాడు.

"కూర్చో, కూర్చో! పొద్దున్నే బోణీ బేరం పోగొట్టుకుంటామా ఏంటి? ఏడుకి తీసుకో."

"ఏడు సరేనండి. మరి కొసరు?"

"ఓసి నీ తెలివి తెల్లారా! ఇంకో రోజు తగ్గించుకుపో."

ఆరు. ఫారంలో ముత్యంలాంటి ఆరు వేశాను. ఇరవైని ఆరుకి దింపినందుకు గట్టు మీద నడుస్తుంటే నా కాళ్ళు నేల మీద ఆనలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. నాది ఆసుపత్రి గుర్తింపుకార్డు మెళ్ళో వేసినా పోలేదు. ఆ వారంలో రోజుకి ఇరవై బీడీలు కాల్చేవాళ్ళని ఎనిమిదికి తెచ్చాను. పూటపూటా ఎండుచేప తినేవాళ్ళని వారానికి రెండుసార్ల దగ్గర ఆపాను. అందరూ నవ్వుతూ ఒప్పుకున్నవాళ్ళే. ఒక్కరికైనా ఒంట్లో బీడీ పొగ తగ్గిందా అంటారా, అది నా శాఖ కాదు.

ఫారాలు చూసి శారదగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆశ్చర్యంగా ఉందే! వీళ్ళు బీడీలు తగ్గించారు, ఉప్పు తగ్గించారు, బిళ్ళలు దాదాపు రోజూ వేసుకుంటున్నారు. అయినా బీపీలు దిగట్లేదు. ఈ మందు వీళ్ళకి పనిచెయ్యట్లేదంటావా?"

"అయ్యుంటుందండి" అన్నాను, పెద్ద శాస్త్రవేత్తలాగా తలాడిస్తూ.

తరువాతి వారం శారదగారు స్వయంగా ఆ ఊరొచ్చి, చర్చి ఆవరణలో బల్ల వేసుకుని ఒక్కొక్కరినీ చూశారు. మరియమ్మగారిని కోడలు సుజాత వెంటబెట్టుకుని వచ్చింది. బీపీ పై అంకె నూట డెబ్బై దాటింది. శారదగారు ఫారం చూశారు.

"మరియమ్మగారూ, నెలలో ఆరు రోజులేనాండి మానేసింది? నిజంగా ఆరేనా?"

మరియమ్మగారు నా వంక చూసింది. నేను చర్చి గోడ మీద కాకిని చూశాను. నిజం బయటపడడానికి అంతకంటే మంచి సమయం లేదు. కానీ ఆవిడ మరియమ్మగారు. ముప్పై ఏళ్ళ వ్యాపారంలో కుదిరిన బేరం ఒక్కనాడూ తిరగదోడని మనిషి.

"ఆరేనమ్మా. మాటంటే మాటే."

"అయితే ఒక బిళ్ళ చాలట్లేదు" అంటూ శారదగారు రెండో బిళ్ళ రాశారు. తరువాత కోడలితో, "అమ్మా సుజాతా, ఆ ఆరు రోజులు కూడా మానకుండా నువ్వే దగ్గరుండి మింగించాలి. ఒక్కరోజు తప్పకూడదు" అన్నారు.

"అలాగేనండి" అంది సుజాత. ఆ అమ్మాయి మాట ఇస్తే ఇచ్చినట్టే. అదే కొంప ముంచింది.

నాలుగోరోజు ఉదయం ఏలూరు ఆఫీసులో కూర్చుని ఫారాలు కట్టలు కడుతున్నాను. ఫోను మోగింది. సుజాత.

"ఏవండీ, మా అత్తగారు లేచి నిలబడితే కళ్ళు తిరిగిపోతున్నాయంటున్నారండి. ఇందాక వంటింటి గుమ్మంలో కూలబడిపోయారు. బిళ్ళలు మాత్రం ఒక్కటీ తప్పకుండా వేస్తున్నానండి!"

అప్పుడర్థమైంది నేను చేసిన ఘనకార్యం. పది రోజులు వేసుకున్న మనిషిని ఇరవై నాలుగు రోజులు వేసుకున్నట్టు రాశాను. ఒక్క బిళ్ళే సరిగ్గా వేసుకుంటే సరిపోయేదేమో, దాని మీద ఇంకోటి పడింది. రెండూ రోజూ తప్పకుండా లోపలికి వెళ్ళేసరికి బీపీ తగ్గడం కాదు, బావిలో బొక్కెనలా దిగిపోయింది. ఫోను తీసుకుని శారదగారి గదిలోకి పరుగెత్తాను.

"మేడమ్, మరియమ్మగారి ఆరు... అది చెప్పిన ఆరు కాదండి."

"మరి?"

"కుదిరిన ఆరండి."

"కుదరడమేంటి?"

"ఆవిడ ఇరవై అన్నారు. నేను ఐదన్నాను."

"నువ్వెందుకన్నావు? బిళ్ళలు నువ్వు మింగావా?"

"లేదండి. ఇరవై మరీ ఎక్కువనిపించి..."

అప్పుడే శారదగారు కుర్చీలోంచి లేవడం, మళ్ళీ కూర్చోవడం జరిగింది. తిట్టడానికి టైము లేదు. నా చేతిలో ఫోను లాక్కున్నారు. "సుజాతా, రెండు బిళ్ళలూ ఆపెయ్. పడుకోబెట్టి, కాళ్ళ కింద దిండు పెట్టు. మేము వస్తున్నాం."

ఏలూరు నుంచి ఆ ఊరికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. రోడ్డుకి రెండు వైపులా చెరువులు, వాటిల్లో కొంగలు. ఒక్కొక్క కొంగా ఒంటికాలి మీద నిలబడి, "ఈవిడేనా ఆ ఆరు వేసినావిడ?" అన్నట్టు మెడ తిప్పి చూస్తోంది. అంతవరకు నాకు ఆరంటే ఒక అంకె. ఆ దారిలో అది జెల్లలు తోముతూ నన్ను "కూర్చో, కూర్చో" అన్న ఒక మనిషి.

మరియమ్మగారు మంచం మీద వాలి ఉంది. ముఖం పాలిపోయింది. శారదగారు పట్టీ చుట్టి చూస్తే పై అంకె తొంభై నాలుగు. నీళ్ళు తాగించి, పక్కనే కూర్చుని, పావుగంటకోసారి చూస్తూ పోయారు. మధ్యాహ్నానికి నూట పది దాటింది. మరియమ్మగారు కళ్ళు విప్పి గది మూల నక్కిన నన్ను చూసింది.

"పిల్లనేమీ అనకండి డాక్టరమ్మా. న్యాయంగానే ఆడింది బేరం. నేనే ఓడిపోయాను."

శారదగారికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మరి నేను అడిగినప్పుడైనా ఇరవై అని చెప్పకూడదూ?"

"ఎలా చెప్తానమ్మా? అప్పటికే ఆరుకి ఇచ్చేశాను కదా!"

ఉద్యోగం ఊడలేదు. ఆ మర్నాడు శారదగారు ఫారాలన్నీ నా ముందు పడేసి, మూడు ఊళ్ళూ మళ్ళీ తిరగమన్నారు. ఈసారి నా పక్కన తనూ కూర్చుంటానన్నారు. షరతు ఒక్కటే. ప్రశ్న అడిగాక నా పెదవులు విడిపోకూడదు.

మళ్ళీ మరియమ్మగారి అరుగే బోణీ. ఆవిడ నిక్షేపంగా లేచి తిరుగుతోంది. అదే చాప, అవే జెల్లలు, అదే ప్రశ్న.

"కిందటిసారి నేను అడిగిన నెలలో, ఎన్ని రోజులు మానేశారండి?"

"పాతిక."

పెదవులు బిగబట్టి పాతిక అని రాశాను. ఆవిడ ఎదురుచూసింది. నేను రెండో ప్రశ్నకి పేజీ తిప్పబోయాను.

"అదేంటమ్మాయ్, ఏమీ అనవేం?"

తల అడ్డంగా ఊపాను.

"ఒక్కటి కూడా తగ్గించమనవా? నా మాట మీద అంత చిన్నచూపా?"

నేను శారదగారి వైపు చూశాను. ఆవిడ ఆకాశంలోకి చూశారు. నా గొంతులో ఇరవై రెండు, ఇరవై మూడు వచ్చి కొట్టుకుంటున్నాయి. మింగేశాను. ఏ బీపీ బిళ్ళా అంత కష్టంగా దిగి ఉండదు.

చివరికి మరియమ్మగారే చేతులు కడుక్కుని ఇటు తిరిగింది.

"సర్లే, కొట్టేసి రాసుకో. నువ్వెలాగూ దింపుతావని ఐదు పైన వేసి చెప్పాను. అసలుది ఇరవయ్యే. తల నొప్పెట్టిన రోజే వేసుకునేదాన్నమ్మా బిళ్ళ. నొప్పి లేనిరోజు మింగితే బిళ్ళ దండగే కదా?"

శారదగారు పెన్ను తీసి ఆ మాట తన పుస్తకంలో రాసుకున్నారు. ఊళ్ళో బీపీలు ఎందుకు దిగట్లేదన్న ప్రశ్నకి ఆ అరుగు మీద దొరికిన మొదటి జవాబు అది. తరువాత చాలా ఇళ్ళల్లో అదే మాట వినిపించింది. మొదటిసారి వచ్చినప్పుడు ఆ మాట ఆవిడ నాలుక చివరే ఉండి ఉంటుంది. నేను కొసరు అడగడంలో మునిగి ఉన్నాను. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మరియమ్మగారు మాత్రం అడిగినంతసేపూ ఆరు పెట్టింది, నోరు మూసుకుంటే ఇరవై పెట్టి, కారణం కొసరుగా వేసింది.

ఆరోజు నుంచి ఫారాలతో పాటు ఖాళీ బిళ్ళల అట్టలు కూడా చూపించమని అడగడం మొదలుపెట్టారు శారదగారు. అట్టతో ఎవరూ బేరమాడలేరు కదా. మరియమ్మగారికి ఇప్పుడు ఒక్క బిళ్ళే, రోజూ. బీపీ అదుపులోనే ఉంది.

ఆరోజు మేము వెళ్ళబోతుంటే మరియమ్మగారే అంది. "డాక్టరమ్మా, ఈ పిల్ల చెమటలు కక్కుతోంది. దీనికీ ఓసారి ఆ పట్టీ చుట్టండి."

శారదగారు చుట్టారు. గాలి కొట్టారు. చూశారు. "నూట నలభై ఎనిమిది" అన్నారు.

"నూట ముప్పైకి చూడండి మేడమ్" అన్నాను.

మరియమ్మగారు కొంగు నోట్లో కుక్కుకుని నవ్విన నవ్వుకి చెరువులో కొంగలు లేచిపోయాయి. శారదగారు సిరాతో నూట నలభై ఎనిమిది అని రాశారు.

కనుక ఆ చెరువు గట్టు మీద తూర్పు ముఖంగా నిలబడి, సుజాత వంటింట్లోంచి ఇచ్చిన ఉల్లిపాయ చేత్తో పట్టుకుని నేను చేసిన ప్రమాణం ఇది. ఇక ఈ జన్మలో ఏ రోగి చెప్పిన ఏ అంకెనీ తగ్గించను. పెంచను. కొసరు పుచ్చుకోను. లేవబోయినట్టు నటించను. ఈ ప్రమాణం ఎన్నేళ్ళు నిలబెట్టుకుంటావని శారదగారు అడగలేదు. అడిగి, ఒక అంకె చెప్పి ఉంటే ఏమయ్యేదో ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు.