ఆ సారీ ఎస్తేరుది కాదు

నిన్న మధ్యాహ్నం నా భార్య ఎస్తేరు పోయింది.

నేను జిన్నారంలో డ్యూటీలో ఉన్నాను. మా ల్యాబ్‌లోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. లంచ్‌లో గేటు దగ్గరికి వచ్చి చూస్తే పదకొండు మిస్డ్ కాల్స్. అన్నీ తను పాఠాలు చెప్పే స్కూల్ నుంచే.

క్లాసులోనే పడిపోయిందట. హాస్పిటల్‌కి చేరేలోపే అయిపోయింది.

ఫోన్ పట్టుకుని ఆ గేటు దగ్గరే నిలబడ్డాను. వెనక ఫోన్లు తీసుకునే లైన్‌లో ఎవరో "సార్, జెర పక్కకు జరుగుండ్రి" అన్నారు.

సాయంత్రం నుంచి ఫోన్లు. సగం మంది అడిగింది ఒకటే.

"ఆ వీడియో మేడమేనా?"

అవును. ఆ మేడమే.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. మనుషుల రంగు, యాస, పుట్టిన చోటు గురించి యూట్యూబ్‌లో ఒక డాక్యుమెంటరీ సిరీస్ వచ్చింది. అందులో ఒక ఎపిసోడ్ మా ఇస్నాపూర్ మీద. ఎస్తేరు క్లాసులో ఎక్కువమంది ఒడిశా, బిహార్, అస్సాం నుంచి ఫ్యాక్టరీ పనికి వచ్చినవాళ్ల పిల్లలే. కెమెరా ముందు వాళ్లను చూపించి ఒక్క మాట అంది.

"వీళ్లంత మనోళ్లే."

ఇంగ్లిష్ సబ్‌టైటిల్‌లో అది "వీళ్లందరిదీ మా కులమే" అనే అర్థంలో పడింది.

రాసినవాడిని తప్పు పట్టలేను. మా దగ్గర గది కిరాయికి ఇచ్చేముందు "మనోళ్లేనా?" అని అడిగితే అర్థం అదే.

ఇక కామెంట్లు.

"బిహార్ దాకా ఉన్న ఆ కులం ఏంటి మేడమ్?"

"పిల్లల్ని మతం మార్చే బ్యాచ్."

"ఈమె నిలబడితే చాలు, బ్లాక్‌బోర్డ్ అకరలేదు."

ఎస్తేరు అన్నీ చదివింది. చిక్కుడుకాయలు తుంచుతూ నాకు వినిపించేది. మార్కులు కూడా వేసేది. బ్లాక్‌బోర్డ్ అన్నవాడికి పదికి మూడు.

"ఒత్తులొస్తలేవు వీనికి. ఏ టీచర్ చెప్పిందో, పాపం."

తట్టుకోలేనిది నేను. క్యాంటీన్‌లో "మేడమ్ ఫేమస్ అయిన్రు గద సార్" అని నవ్వేవారు. నేను తల దించుకుని తినేవాణ్ణి.

ఒకరోజు తను స్నానానికి వెళ్లినప్పుడు తన ఫోన్ తీశాను. తన పేరు మీద కామెంట్ పెట్టాను.

"నా మాట ఎవరినైనా బాధపెట్టి ఉంటే సారీ."

గంటలో లైకులే లైకులు. "ఇప్పటికి బుద్ధొచ్చింది" అని రాశారు.

తను చూసింది. అరవలేదు. ఫోన్ నా చేతిలో పెట్టింది.

"తిట్టేటోళ్లను తిట్టనీయుండ్రి. నేను చెయ్యని తప్పుకు సారీ ఏంది? పెట్టింది మీరు, మీరే తియ్యుండ్రి."

ఇప్పుడు తీస్తే మళ్లీ మొదలుపెడతారు, కొన్నాళ్లు చల్లారనీ అన్నాను.

వారం తర్వాత మళ్లీ ఫోన్ తెరిచి ఇచ్చింది. మళ్లీ అదే అన్నాను.

తర్వాత అడగలేదు. ఫోన్ లాక్ మార్చుకుంది.

ఈ ఉదయం ఎవరో ఆ వీడియో కింద తను పోయిన సంగతి రాశారు. వెంటనే రెండు నవ్వే ఎమోజీలు. అవి నాకు కొత్త కాదు. వాటి కింద ఒకాయన జాలిపడ్డాడు.

"వదిలేయండి, పాపం. సారీ చెప్పింది కదా."

తన ఫోన్ ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఆ కామెంట్ తీసేద్దామంటే తెరుచుకోవడం లేదు. నాకు తోచిన నంబర్లన్నీ కొట్టి చూశాను. మా పెళ్లి తేదీ కూడా కాదు.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. మమ్మల్ని ఎరిగినవాళ్లయినా తెలుసుకోండి.

ఎస్తేరు ఎవరికీ సారీ చెప్పలేదు. ఆ వాక్యం రాసింది నేను. తన కోసం కాదు, క్యాంటీన్‌లో తలెత్తుకుని తినడం కోసం.

వెళ్లు ఎస్తేరూ. నేను ఇవ్వని నెమ్మది ప్రభువు దగ్గరైనా నీకు దొరకాలి.