చేతులు వాసన చూసే సిస్టర్

పసిపిల్లల వార్డు గుమ్మంలో ఉండే నర్సమ్మని అందరూ సబ్బు సిస్టర్ అంటారు. లోపలికెళ్లే ప్రతివాళ్ల చేతులూ ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తుంది, సబ్బు వాసన రాకపోతే వెనక్కి తోలుతుంది. గట్టిగా మాట్లాడితే కళ్లతోనే నోరు మూయిస్తుంది. మొన్న మా వియ్యంకుడు మళ్లీ మళ్లీ చేతులు కడుక్కొచ్చి, మనవరాలిని చూసి మురిసిపోయాడు. "పుట్టిందగ్గర్నించీ నెమ్మదస్తురాలు సిస్టరమ్మా. ఇవాళైతే పాలక్కూడా పేచీ లేదు, కిక్కురుమనదు. అచ్చం నా పోలికే." ఆయన నోరు మూతపడగా చూసినవాళ్లు మా ఇంట్లో లేరు. సిస్టర్ పిల్ల అరికాలు తాకింది. చల్లగా ఉంది. "జ్వరం లేదుగా?" అన్నాడాయన. "అదే నా భయం బాబాయిగారూ. పసిగుడ్డు ఒంట్లో క్రిములతో పోరాడే కణాలు కొత్తగా చేరిన కాపలావాళ్లలాంటివి. దొంగ లోపలికొచ్చినా కేక వెయ్యడం చేతకాదు" అంటూనే డాక్టర్ని పిలిచింది.

రక్తంలో ఇన్ఫెక్షన్ అన్నారు, వెంటనే సూదిమందు మొదలెట్టారు. అప్పట్నించీ వియ్యంకుడు వార్డు గుమ్మం వదల్లేదు. ఇవాళ పొద్దున్నే పిల్ల వార్డు కప్పు ఎగిరిపోయేలా ఏడుపు లంకించుకుంది. ఆయన కంగారుగా లోపలికి పరిగెత్తి, "ఊరుకో తల్లీ, సిస్టరమ్మ తిడుతుంది" అన్నాడు. సిస్టర్ ఆయన చేతులు వాసన చూడడం కూడా మర్చిపోయింది. "దాన్ని అరవనివ్వండి బాబాయిగారూ. మీరు ఊరుకోండి."