కండువా కింద వేళ్ళు

మా అంకారావు మాస్టారికి త్రికోణమితిలో సైను, కాసు విలువలు నోటికి వచ్చేవి కావు. ఆ సంగతి తిరువూరు హైస్కూల్లో మొదట కనిపెట్టింది నా పక్కన కూర్చునే శ్యామలాదేవి. కనిపెట్టినందుకు బెత్తం దెబ్బ తిన్నదీ అదే.

మాస్టారిది పెనుగొలను. వాళ్ళ వ్యవసాయ కుటుంబంలో బి.ఏ. దాకా వచ్చిన మొదటి మనిషి. చదివింది మాత్రం చరిత్ర. కర్నూలు రాజధానిగా ఉన్న ఆ రోజుల్లో మా ఊరికి లెక్కల మాస్టర్లు ఎక్కడ దొరుకుతారు? ఉన్నాయనకి బదిలీ కాగానే హెడ్మాస్టరు గారు ఈయన్ని పిలిచి, "కొన్నాళ్ళు మీరు సర్దండి" అన్నారు. కాదనడానికి మొహమాటం. పైగా పెనుగొలనులో వాళ్ళ నాన్న, తన కొడుకు లెక్కల మాస్టారయ్యాడని అప్పటికే ఊరంతా చాటేశాడు.

పాఠం ముందురోజు చదువుకుని వచ్చి బాగానే చెప్పేవారు. ఆ విలువల దగ్గరకొచ్చేసరికి మాత్రం నీళ్ళు నమిలేవారు. ట్రైనింగులో ఎవరో స్నేహితుడు చెప్పిన కిటుకు ఒకటి ఆయన్ని కాపాడుతూ వచ్చింది. ఎడమచేతికి అయిదు వేళ్ళు, గుర్తుంచుకోవలసిన కోణాలూ అయిదు. బొటనవేలు సున్నా, చూపుడువేలు ముప్ఫై, నడిమివేలు నలభై అయిదు, ఉంగరపువేలు అరవై, చిటికెనవేలు తొంభై. కావలసిన కోణం వేలు ముడిచి, దానికి బొటనవేలి వైపు ఎన్ని వేళ్ళున్నాయో చూసి, వర్గమూలం తీసి సగం చేస్తే సైను. రెండో వైపు వేళ్ళతో అదే చేస్తే కాసు. అంతే. చిన్నపిల్లలు కూడా చేసుకోగలిగిన పని. కానీ లెక్కల మాస్టారు వేళ్ళు లెక్కపెట్టడమా! అందుకని ఎండాకాలంలో కూడా కండువా కప్పుకుని, ఎడమచెయ్యి దాని కింద దాచి ముడుచుకునేవారు. మేము ఏదో జపం అనుకునేవాళ్ళం.

శ్యామల అలా అనుకోలేదు. వాళ్ళ నాన్న చంద్రశేఖరం గారి పచారీ కొట్లో పుట్టి పెరిగిన పిల్ల, లెక్కపెట్టే వేళ్ళ కదలిక తెలుసు. దానికి లెక్కలంటే ప్రాణం. విజయవాడ వెళ్ళి ఇంటర్లో లెక్కలే తీసుకుంటానని మా చెవులు చిల్లులు పడేలా చెప్పేది. ఒకరోజు లేచి, "సార్, మీరు వేళ్ళ మీద చేస్తున్నారు కదండీ? మాకూ చెప్పరూ?" అంది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది.

ఆయన మొహం కందగడ్డ అయిపోయింది. "చెయ్యి చాపు" అన్నారు. దెబ్బ కొట్టి, "వేళ్ళ లెక్కలు మీ కొట్లో చూసుకో. ఇక్కడ నోటికి రావాలి" అన్నారు. ఆ రోజు నుంచి క్లాసులో వేలు ముడిస్తే దెబ్బే.

తర్వాత ఇనస్పెక్టరు గారు వచ్చారు. బెంచీల మధ్య తిరుగుతూ శ్యామల దగ్గర ఆగి, "సైన్ ముప్ఫై ఎంతమ్మా?" అన్నారు. బట్టీ పట్టిందంతా భయానికి ఎగిరిపోయినట్టుంది. పాపం, చెయ్యి వెనక్కి పెట్టుకుని వేళ్ళు ముడిచింది. ఆయన్ని గమనించి గమనించి, ముడిచిన వేలికి బొటనవేలి వైపున్నవి లెక్కపెట్టి వర్గమూలంలో సగం తియ్యడం దాకా పట్టేసింది గానీ, కండువా కింద ఎటు నుంచి మొదలో దానికేం తెలుసు? మా వైపు ఎవరు వేళ్ళు లెక్కపెట్టినా చిటికెనవేలితోనే మొదలుపెడతారు. వాళ్ళ కొట్లోనూ అంతే. అదీ అలాగే చిటికెనవేలు సున్నా అనుకుని, ముప్ఫైకి ఉంగరపువేలు ముడిచింది; బొటనవేలి వైపు మూడు మిగిలాయి. సగం రావలసిన చోట, "రూట్ మూడు బై రెండండీ" అంది.

"తప్పు. ఆ వెనక చెయ్యేంటి? వేళ్ళా? ఎవరు నేర్పారు నీకిది?"

క్లాసంతా మాస్టారి వైపు చూసింది. శ్యామల చూడలేదు. "ఎవరూ నేర్పలేదండీ" అంది.

అప్పుడైనా ఆయన నోరు విప్పుతారనుకున్నాను. విప్పారు. "దీనికి లెక్కలు రావండీ. ఎంత చెప్పినా వేళ్ళు వదలదు" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. శ్యామల కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది.

మర్నాడు అది వరండాలో ఆయన కోసం కాచుకుని నిలబడింది. తోడు రమ్మంటే నేనూ వెళ్ళాను.

"సార్, నేను ఆప్షనల్లో లెక్కలు వదిలేసి చరిత్రలోకి మారిపోతానండీ. నాకు లెక్కలు రావు."

మాస్టారు అటూ ఇటూ చూశారు. గొంతు తగ్గించి, "చిటికెనవేలు కాదమ్మా. బొటనవేలు సున్నా. అక్కణ్ణించి మొదలుపెట్టి చూడు" అన్నారు.

శ్యామల చెయ్యి చాపి చూపుడువేలు ముడిచింది. "ఒకటి... సగం!" మొహం విప్పారింది. అంతలోనే ఏదో అర్థమైనట్టు ఆయన్ని చూసింది. "నిన్న ఈ ఒక్క మాట చెప్పొచ్చు కదండీ."

"సిగ్గేసిందమ్మా" అన్నారాయన నేల చూపులు చూస్తూ. "నిన్నటి నుంచి అన్నం సయించడం లేదు. నీ మొహం చూడాలంటే ఇంకా సిగ్గుగా ఉంది."

శ్యామల కరగలేదు. కరిగే పిల్ల కాదు. "నాకు రావని అందరి ముందూ అన్నారు. నేనూ నమ్మేశాను. వచ్చని కూడా అందరి ముందే అనండి" అంది.

గంట కొట్టారు. మేము వెళ్ళి కూర్చున్నాం. ఆయన చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డారు. ఈయన వెనక్కి తిరిగి వెళ్ళిపోతారని నేను ఖాయం చేసుకున్నాను. చివరికి లోపలికొచ్చి, బల్లకి చేతులు ఆనించారు.

"శ్యామలకి లెక్కలు వచ్చు" అన్నారు. "రానిది నాకు."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన బెత్తం తియ్యలేదు.