డీజిల్ లైను

కాల్గరీలో కొత్తగా దిగిన తెలుగు స్టూడెంట్లు కారు కొనాలంటే ముందు మహీధర్‌కే ఫోన్ చేస్తారు. కరీంనగర్‌లో పదేళ్లు డీజిల్ కారు నడిపిన మనిషి. బానెట్ ఎత్తి, ఇంజన్ మీద అరచెయ్యి ఆనించి, నాడి చూసే వైద్యుడిలా కళ్లు మూసుకుంటాడు. మరి ఇక్కడ డీజిల్ కార్లు ఎందుకు ఎక్కువ కనపడవని ఎవరైనా అడిగితే, "వీళ్లకు మైలేజీ విలువ తెల్వది" అంటూ బానెట్ దించేస్తాడు. ఈ జనవరి చలికి ఆయన సొంత డీజిల్ కారు ట్యాంకులోనే డీజిల్ నెయ్యిలా పేరుకుంది. మూడు రోజులు బండి కదల్లేదు. నాలుగో రోజు దాన్ని వదిలించుకుని, అదే రంగులో పెట్రోల్ కారు కొన్నాడు. ఎవరికీ చెప్పలేదు. గుడికి వెళ్లినా రెండు వీధుల అవతల ఆపి నడుస్తున్నాడు.

శనివారం బంకులో పైపు ట్యాంకులో పెట్టబోతుంటే, అవతల డీజిల్ పంపు దగ్గర ట్రక్కుల వెనక ఆగిన కారులోంచి ధాత్రి పరుగెత్తుకొచ్చింది. డిసెంబరులో ఆయన మాట మీద డీజిల్ కారు కొన్న అమ్మాయి. మంచు మీద జారిపడి, లేచి, "అంకుల్, ఆగండి! అది పెట్రోల్! ఇంజన్ పాడైతది!" అంటూ పైపు లాగేసుకుంది.

మహీధర్ నోరు తెరిచాడు. ఆమె మోకాలికి అంటిన మంచు చూసి, "థాంక్స్ తల్లీ" అన్నాడు.

"ఎంత చలిగుందో! నా ముందుకు రండి అంకుల్, నేను ఆగుతా."

మహీధర్ కారెక్కి, ఆమె వదిలిన జాగాలో, డీజిల్ లైనులో ఆగాడు.