పద్నాలుగో బల్బు

తొంభైలలో మహబూబ్‌నగర్‌లోని ఒక ప్రైవేటు దవాఖానలో నేను టెలిఫోన్ ఆపరేటర్‌ని. మూడంతస్తుల భవనం, గదిగదికీ ఇంటర్‌కమ్. ఏ గదిలో రిసీవర్ ఎత్తినా నా బోర్డు మీద ఆ నంబరు బల్బు వెలిగేది. పనిలో నాకు తిరుగు లేదు. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గూ లేదు.

నాకు పడనిది ఒక్కటే, బోర్డు పక్కన గోడకు అంటించిన కాగితం. ఏ నంబరు ఏ గదిదో అందులో ఉండాలి. రాసిన రోజున అది నిజమే. ఆ తర్వాత పెద్ద డాక్టరుగారు వాస్తు చూపించారు. ఒక మెట్లదారి మూయించి, గదుల లెక్క తూర్పు నుంచి మొదలుపెట్టించి, తలుపుల మీద అంకెలన్నీ మార్పించారు. ఫోన్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. దానికి తోడు ఏదైనా లైను చెడితే లైన్‌మన్ చేతికందిన తీగ కలిపేసి, నాకు చెప్పకుండానే వెళ్లిపోయేవాడు. ఒకసారి గదులన్నీ తిరిగి చూద్దామని మేనేజరు ప్రాణం తీశాను.

"కాగితమున్నది గదమ్మా, ఇంకేం ఫికర్?" అనేవాడు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం పద్నాలుగు వెలిగింది. ఎవరో ముసలమ్మ.

"బిడ్డా, నా మనుమరాలికి దమ్ము ఆడ్తలేదు. జర జల్ది రాండ్రి!"

"ఏడున్నవవ్వా?"

"దవాఖానలనే ఉన్న."

"దవాఖానల ఏడ?"

"గీడనే. సల్లగున్నదని కూసున్నం."

కొల్లాపూర్ దిక్కు నుంచి వచ్చిందట. గొర్లు కాసుకునే ఇల్లు. తలుపు మీది అంకె చదవమంటే చదువు రాదంది. కాగితం ప్రకారం పద్నాలుగు మొదటి అంతస్తులో ఉంది. సిస్టరమ్మను పరుగెత్తించాను. అక్కడ ఒక పెద్దమనిషి గురక పెట్టి నిద్రపోతున్నాడట. ఫోనులో ఆ పిల్ల ఊపిరి ఈల వేసినట్టు వినిపిస్తోంది.

అప్పుడు తట్టింది. గది నాకు కనబడకపోతేనేం, ఫోనుకు గంట ఉంది కదా! గంట ఎక్కడ మోగితే అక్కడికి ఉరకమని సిస్టరమ్మకు చెప్పాను.

"అవ్వా, ఫోను కింద పెట్టు. నేను గంట కొడ్త. నువ్వు ఎత్తకు. గంట ఇనుకుంట సిస్టరమ్మ వస్తది."

పెట్టింది. గంట కొట్టాను. వెంటనే ఎత్తింది.

"ఆఁ బిడ్డా, వస్తుండ్రా?"

"ఎత్తొద్దంటి గదవ్వా!"

"పిలుస్తుంటే పలుకకుంట ఎట్లుంటరు బిడ్డా?"

మళ్లీ పెట్టించాను, మళ్లీ కొట్టాను, మళ్లీ ఎత్తింది. ఇక నా నోటికి అడ్డూ అదుపూ లేకుండా పోయింది. "మళ్ల ఎత్తితివంటే నీ మనుమరాలు నీకు దక్కది!" అని అరిచేశాను. అవ్వ ఫోను పెట్టేసింది.

ఈసారి ఎత్తలేదు. గంట కొడుతూనే ఉన్నాను. సిస్టరమ్మ ఏ అంతస్తులో ఉందో తెలియదు, పిల్ల ఎలా ఉందో తెలియదు. ఆ ఊపిరి చప్పుడైనా వినిపించకపోవడం మరీ భయంగా ఉంది. మీట మీద నొక్కిన వేలు తీయలేదు.

ఉన్నట్టుండి బల్బు వెలిగింది. అవ్వే ఎత్తింది. నాకు మండిపోయింది.

"ఎత్తొద్దని ఎన్నిసార్లు చెప్పాలె?"

"తిట్టకు బిడ్డా. సిస్టరమ్మ వచ్చి పిల్లను ఎత్తుకపోయింది. నువ్వేమో ఇంకా కొడ్తనే ఉంటివి. నీకు ఎవరు చెప్తరని నేను ఆగిన."



"ఉరుకు అవ్వా, పిల్ల దగ్గరికి ఉరుకు," అన్నాను.

పిల్ల సాయంత్రానికి లేచి కూర్చుని చాయ్‌లో బన్ను ముంచుకుని తింది. వాళ్లు కూర్చున్నది మూసేసిన మెట్లదారి వెనక గదిలో. అంకెలు మార్చినప్పుడు ఆ గదికి నంబరే వేయలేదు. మర్నాడు మేనేజరును వెంటబెట్టుకుని భవనమంతా తిరిగాను, ప్రతి ఫోనూ మోగించి చూశాను. ఆ గది తలుపు దగ్గర ఆగి, "దీనికేం రాద్దామమ్మా?" అన్నాడాయన.

"అవ్వ ఆగిన గది అని రాయండి," అన్నాను.